హమాలీ ప్రాణం ఆరు

2004 వానాకాలంలో మహారాష్ట్రలోని భివండీ పక్కన పూర్ణలో ఒక గోదాము కప్పు కారింది. తడిసిన అట్టపెట్టెలన్నీ పారేయమని సూపర్‌వైజర్ చెప్పాడు. అక్కడ లేబుళ్లు అతికించే పని చేసే భూషణ్, పారేయబోయిన ఒక పెట్టెలో అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చూశాడు. లోపల కత్తులు పట్టిన మనుషులు, రెక్కలున్న పాములు, గడ్డాల మాంత్రికుల బొమ్మలు ఉన్నాయి. బొమ్మలు అతనికి అర్థమయ్యాయి. మిగిలిన మూడు వందల పేజీలు అర్థం కాక, పుస్తకాన్ని తమ పేట నార్పోలికి తెచ్చి నమ్రతకు ఇచ్చాడు.

నమ్రత, భూషణ్ చిన్నప్పుడు ఒకే మరాఠీ బడిలో చదివారు. ఆమె బి.కాం. పూర్తి చేసి ఇంట్లోనే పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతోంది. పది రోజులు పుస్తకం చదివి, ఇది కథల పుస్తకం కాదు, ఆట అని తేల్చింది. ఆటకు పలక ఉండదు, పిక్కలు ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అయి, తామేం చేస్తున్నామో నోటితో చెప్తారు. చేసింది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెప్తుంది.

ఇరవై ముఖాల పాచిక భివండీలో దొరకలేదు. నమ్రత తన తల్లి ఆడే హౌసీ, అంటే తంబోలా ఆటలోంచి ఒకటి నుంచి ఇరవై దాకా బిళ్లలు ఏరి ఒక స్టీలు డబ్బాలో వేసింది. కథ నడిపేది నమ్రతే అన్నారు. పుస్తకం చదివింది ఆమె ఒక్కతే కాబట్టి వేరే దారి కూడా లేదు. ఆడేవాళ్లు భూషణ్, అతని స్నేహితుడు శుభమ్. శుభమ్‌కు స్టేషనరీ దుకాణం ఉంది. భూషణ్ శంషేర్ అనే యోధుడు అయ్యాడు. శుభమ్ జ్వాలాసింగ్ అనే మాంత్రికుడు అయ్యాడు.

నమ్రత తండ్రి శ్రీరాములు ఇంటి సందులోనే కిరాణా కొట్టు నడుపుతాడు. ఆయనకు విషయం చెప్పారు.

"ఇద్దరు మొగపోరగాండ్లతోని గంటలు గంటలు గదిల కూసుంటవా? ఎట్ల కుదురుతది?"

"తలుపు తీసే పెడుతం బాపూ."

"తలుపు తీస్తె నలుగురు చూస్తరు. అది ఇంకా పరేషాన్."

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆయన తమ్ముడు హనుమాండ్లు గదిలో కూర్చోవాలి. హనుమాండ్లు శాంతి నగర్‌లోని ఒక షెడ్డులో సాంచలు, అంటే మరమగ్గాలు, చెడిపోతే బాగుచేసే జాబర్. శుక్రవారం సాంచలన్నీ బందు కాబట్టి ఆయన ఖాళీ. ఆట కూడా శుక్రవారమే పెట్టుకున్నారు.

మొదటి శుక్రవారం హనుమాండ్లు మరాఠీ పేపరు తెచ్చుకొని గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నాలుగు శుక్రవారాలు ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ నాలుగు శుక్రవారాల్లో ఆట సరిగా సాగలేదు. వాన నీళ్లకు పుస్తకంలో డెబ్బై ఒకటో పేజీ నుంచి తొంభై నాలుగు దాకా అతుక్కుపోయాయి. మాంత్రికుడు ఏది చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు అన్న సంగతంతా ఆ పేజీల్లోనే ఉంది. భూషణ్ వాటికి చాయ్ గిన్నె ఆవిరి పట్టి విడదీశాడు. విడివడ్డాయి గానీ ఒక పేజీ అక్షరాలు ఇంకో పేజీకి అంటుకున్నాయి. అద్దంలో చూసి రెండు వాక్యాలు చదవగలిగారు. రెండూ మాంత్రికుడి టోపీ గురించి.

కాబట్టి జ్వాలాసింగ్ రోజుకు ఎన్నిసార్లు నిప్పుల ముద్ద విసరొచ్చో ఎవరికీ తెలియదు.

"పుస్తకంల లిమిట్ లేదు," అన్నాడు శుభమ్.

"లేదు కాదు, పోయింది," అన్నది నమ్రత.

"పోయింది అంటె లేదు అన్నట్టే కదా."

గుహలో ఏది ఎదురొచ్చినా జ్వాలాసింగ్ కాల్చేశాడు. తోడేళ్లను కాల్చాడు. తలుపును కాల్చాడు. మాట్లాడదామని వచ్చిన ముసలాయనను కూడా కాల్చాడు. శంషేర్ మొదటి రెండు వారాల్లో కత్తి ఒకేసారి తీశాడు, అదీ కర్బూజా కోయడానికి.

"నేను ఇంట్ల ఉంటె ఏంది, గుహల ఉంటె ఏంది?" అని భూషణ్ అడిగాడు.

నమ్రత ఆలోచించి, తర్వాతి వారం నిప్పు తగిలినా కాలని రాతి మనుషులను పెట్టింది. శుభమ్ అలిగి గంటసేపు మాట్లాడలేదు. ఆ పై వారం జంతువుల బలం రెట్టింపు చేసింది. అవి జ్వాలాసింగ్ దాకా రాకముందే కాలిపోయాయి. మిగిలిన ఒక్కటి శంషేర్‌ను సగం చంపింది. బలం పెంచితే దెబ్బ తగిలేది మాంత్రికుడికి కాదు, ముందు నిలబడ్డవాడికి అని ఆమెకు అప్పుడు తెలిసింది. ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

అయిదో శుక్రవారం శంషేర్, జ్వాలాసింగ్ గుహలో రెండో అంతస్తు దిగుతుండగా గోడ దగ్గర నుంచి గొంతు వినిపించింది.

"గా దీపం ఎవల చేతుల ఉన్నది?"

అందరూ తిరిగి చూశారు. హనుమాండ్లు పేపరు కిందికి దించాడు.

"గుహ అంటున్నరు. చీకటి అంటున్నరు. శంషేర్ ఒక చేతుల కత్తి, ఒక చేతుల డాలు పట్టిండు. గీ సాధువు రెండు చేతులు ఊపుతుండు. దీపం ఎవలు పట్టిండ్రు?"

ఎవరూ పట్టలేదు. అయిదు వారాలుగా చీకట్లో తిరుగుతున్నామని ఎవరికీ తట్టలేదు. నమ్రత పుస్తకం తిరగేసింది. సామాను మోసే మనిషిని కూలికి పెట్టుకోవచ్చని చివర్లో ఒక పేజీ ఉంది.

"నువ్వు పడుతవా చిన్నబాపూ?"

"నాకేం పని. పడుత."

అలా ఆయన ఆటలోకి వచ్చాడు, హమాలీగా. పేరేం పెట్టుకుంటావంటే, ఉన్న పేరు ఉండగా ఇంకోటి ఎందుకని హనుమాండ్లు అనే పెట్టుకున్నాడు. పుస్తకం ప్రకారం శంషేర్‌కు ప్రాణం నలభై. హమాలీకి ఆరు.

"నీకు పదిహేను చేస్త," అన్నది నమ్రత.

"పుస్తకంల ఎంతున్నది?"

"ఆరు."

"అయితె ఆరే."

హనుమాండ్లు వచ్చాక ఆట తీరు మారింది. తాడు ఎంత పొడుగో అడిగేవాడు. నీళ్ల తిత్తిలో నీళ్లు ఎన్ని పూటలకు వస్తాయో లెక్క కట్టేవాడు. బిళ్లల విషయంలో కూడా ఒక మాట అన్నాడు. తీసిన బిళ్లను మళ్లీ డబ్బాలో వేస్తుంటే శుభమ్‌కు ఎప్పుడూ పెద్ద అంకెలు, భూషణ్‌కు ఎప్పుడూ చిన్నవి వస్తున్నాయి. తీసినవి బయటే ఉంచాలి, ఇరవై అయిపోయాకే మళ్లీ డబ్బాలో వేయాలి. అప్పుడు చెడ్డ అంకెలు అందరికీ సమంగా పడతాయి. అది న్యాయంగానే తోచి అందరూ ఒప్పుకున్నారు. బయటికి వచ్చిన బిళ్లలను ఆయన చాప మీద తన మోకాలి పక్కన వరుసగా పేర్చేవాడు. చెల్లాచెదురుగా ఉంటే ఆయనకు తోచదు.

దసరా దాటిన ఒక శుక్రవారం వాళ్లు గుహ అయిదో అంతస్తు చేరారు. అక్కడ నమ్రత ఒక పెద్ద ముంగిసలాంటి జంతువును పెట్టింది. పుస్తకంలో దాని కాటు అయిదు, అంటే ఒక కాటుకు అయిదు ప్రాణం పోతుంది. జ్వాలాసింగ్‌ను కొంచెమైనా భయపెట్టాలని ఆమె దాన్ని పది చేసింది.

జంతువు చీకట్లోంచి దూకింది. వెలుతురు మీదికి దూకే జంతువని ముందే చెప్పి ఉంది కాబట్టి దీపం పట్టుకున్నవాడి మీదికే దూకాలి. బిళ్ల ఎనిమిది దాటితే కాటు పడ్డట్టు.

డబ్బాలో మూడే బిళ్లలు మిగిలాయి. హనుమాండ్లు ఒకసారి మోకాలి పక్కన వరుస చూసుకున్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు.

నమ్రత డబ్బాలో చెయ్యి పెట్టి బిళ్ల తీసింది. అరచేతిలోనే చూసింది. పిడికిలి మూసింది.

"నాలుగు," అన్నది. "కాటు తప్పింది."

"బచ్‌గయా కాకా!" అని భూషణ్ చప్పట్లు కొట్టాడు.

హనుమాండ్లు కదల్లేదు.

"నాలుగు నా మోకాలి కాడున్నది బిడ్డా," అన్నాడు.

అందరూ చూశారు. వరుసలో మూడుకూ అయిదుకూ మధ్య నాలుగు ఉంది.

నమ్రత పిడికిలి విప్పలేదు. హనుమాండ్లు లేచి, పేపరు చంకలో పెట్టుకొని, చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయాడు. మెట్లు మామూలుకన్నా నెమ్మదిగా దిగాడు.

తర్వాతి శుక్రవారం ఆయన రాలేదు. మోకాలు నొప్పి అని కబురు పెట్టాడు. కాపలా మనిషి లేడు కాబట్టి ఆట లేదని శ్రీరాములు అన్నాడు. భూషణ్, శుభమ్ కిందనే నిలబడి కాసేపు చూసి వెళ్లిపోయారు. ఆ పై శుక్రవారం కూడా మోకాలు నొప్పే.

సోమవారం నమ్రత శాంతి నగర్ వెళ్లింది. షెడ్డులో ఇరవై నాలుగు సాంచలు ఒక్కసారిగా ఆడుతున్నాయి. అక్కడ పనిచేసేవాళ్లు సైగలతోనే సగం మాట్లాడుకుంటారు. నమ్రతకు ఆ సైగలు రావు. హనుమాండ్లు ఒక మూల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వెళ్లి అరిచింది.

"చిన్నబాపూ, తప్పయింది!"

"ఏందీ?"

"తప్పయింది!"

"ఎవలకు తప్పింది?"

ఆమె ఊపిరి పీల్చుకొని గొంతు ఇంకా పెంచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఇరవై నాలుగు సాంచలు ఒకేసారి ఆగాయి.

"నువ్వు చావొద్దని అబద్ధం చెప్పిన!"

దారాలు అతుకుతున్నవాళ్లు దారాలు పట్టుకునే తిరిగి చూశారు. ఒకాయన లేచి హనుమాండ్లుకు నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"డాక్టర్ క్యా బోలా?" అని మెల్లగా అడిగాడు.

"డాక్టర్ లేదు గీక్టర్ లేదు. ఆట," అని హనుమాండ్లు తెలుగులోనే చెప్పి, నీళ్లు తాగి, నమ్రతను బయటికి తీసుకుపోయాడు.

చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నారు. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. రెండేళ్ల కింద సాంచ పళ్లచక్రంలో పోయాయి. గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"గా బిళ్ల ఎంత?"

"పదిహేడు."

"ఊఁ. నేను ఇరవై అనుకున్న."

కాసేపు చాయ్ తాగాడు.

"గీ చెయ్యి గిట్లయినంక సేటు నన్ను తీసెయ్యలేదు బిడ్డా. మంచోడే. సాంచ బందయితె ఇప్పటికి నన్నే పిలుస్తడు. నేను పోయి నిలబడుత. నా కింది పోరడు సలీం పానా పట్టుకొని బాగుచేస్తడు. అయినంక అందరు 'కాకానే ఠీక్ కియా' అంటరు. సలీం కూడా అంటడు. రెండేండ్లాయె. ఒక్కడన్న నాకు అడ్డం చెప్పడు." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నీ ఆటల నాకు ప్రాణం ఆరు. నిజంగ ఆరు. గందుకే మంచిగనిపిచ్చింది."

నమ్రత కళ్లు తుడుచుకుంది. కానీ ఆమెకూ చెప్పాల్సింది ఉంది.

"నీ ఒక్కనికే కాదు చిన్నబాపూ. బిళ్లలు బయట పెట్టకముందు భూషణ్‌కు మూడుసార్లు చేసిన. శుభమ్‌కు ఉల్టా చేసిన, వాని దెబ్బ తగిలినా తగల్లేదని చెప్పిన. డబ్బానే అంత చెప్పుకుంటపోతె నేనెందుకు మల్ల? ఎవలు బాధపడుతుండ్రో డబ్బాకు తెల్వదు. నాకు తెలుస్తది కదా."

హనుమాండ్లు ఇంకో చాయ్ చెప్పి, అది కూడా తాగాడు.

"గా జంతువును గుహల పెట్టింది ఎవలు?"

"నేనే."

"దాని కాటు పది అని?"

"నేనే. పుస్తకంల అయిదే ఉన్నది. శుభమ్ కోసం పెంచిన."

"అయిదు ఉంటె నేను చావకపోదును. ఒక ప్రాణం మిగులుతుండె."

నమ్రత ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు.

"నీకు దయ ఉంటె గక్కడ చూపెట్టు. జంతువును పెట్టేటప్పుడు, కాటు రాసేటప్పుడు. గది నీ పని, గక్కడ డబ్బాకు ఏం అధికారం లేదు. బిళ్ల బయటికొచ్చినంక చూపెడితె గది దయ కాదు. నన్ను కుర్చీల కూసోబెట్టుడు."

"అయితె ఇప్పుడు కాటు అయిదు చెయ్యాల్నా?"

ఆయన ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"గా రోజు పదే ఉండె కదా," అన్నాడు.

ఆ వారమంతా నమ్రత ట్యూషన్ అయిపోయాక కూర్చుని రాసింది. కింది అంతస్తుల్లో ఏముందో, ఏ జంతువుకు ఎంత బలమో, అంతా ముందే రాసి తారీఖు వేసింది. అతుక్కుపోయిన పేజీల బదులు తన సొంత నియమం కూడా ఒకటి రాసింది. మాంత్రికుడు మంత్రం వేయాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఎన్నిసార్లు వేసినా అడ్డు లేదు.

శుక్రవారం హనుమాండ్లు వచ్చాడు. నమ్రత ముందుగా పోయినసారి అబద్ధం చెప్పానని అందరికీ చెప్పింది. అంతకుముందు చెప్పినవి కూడా చెప్పింది. భూషణ్ కిందికి చూశాడు. శుభమ్, తగిలినా తగల్లేదని చెప్పిన తన దెబ్బలు ఎన్నో చెప్పమని అడిగాడు. ఆరు అంది. అతను ఆ అంకెను ఒక కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత కొత్త నియమం చదివింది. శుభమ్ వెంటనే ఒప్పుకున్నాడు. జ్వాలాసింగ్ చేతులు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి.

"ఇప్పటినుంచి బిళ్ల అందరి ముంగట చాప మీద పడుతది," అని చెప్పి, పదిహేడును తీసి చాప మీద పెట్టింది. "చిన్నబాపూ, కాటు పడ్డది. పది. హమాలీ హనుమాండ్లు చచ్చిపోయిండు."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. నమ్రత తల్లి మనోరమ గుమ్మంలోకి వచ్చి మరిదిని చూసి, ఆయన బతికే ఉన్నాడని తెలుసుకొని, లోపలికి వెళ్లింది.

హనుమాండ్లు తల ఊపి గోడకు ఆనుకున్నాడు. శంషేర్ తిరగబడి రెండు దెబ్బల్లో జంతువును చంపాడు. అంతకుముందు ఇలాంటి సమయాల్లో హమాలీ ఏదో ఒక సలహా ఇచ్చేవాడు. భూషణ్ అలవాటుగా అటు చూశాడు.

"ఇప్పుడేం చేద్దాం కాకా?"

హనుమాండ్లు జవాబు చెప్పలేదు. చచ్చినవాడు మాట్లాడడు. కళ్లు కూడా మూసుకున్నాడు.

దీపం కింద పడి ఉంది. అది ఆరకముందే ఎవరో ఒకరు తీయాలి. తాడు, నీళ్ల తిత్తి కూడా మోయాలి. ఎదురుగా వాళ్లు అయిదు అంతస్తులు దిగి వెతికిన ఇనప్పెట్టె ఉంది. పెట్టె బరువు ఒక మనిషి బరువు.

"శంషేర్ పెట్టె ఎత్తుకుంటడు, నేను దీపం పడుత," అన్నాడు శుభమ్. అన్నాక ఆగాడు. "దీపం పడితె మంత్రం?"

"ఒక చెయ్యి ఖాళీ లేదు," అన్నది నమ్రత.

"అరే యార్, గిది చీటింగ్!"

ఆమె కాగితం చూపించింది. తారీఖు మంగళవారంది. శుభమ్ దాన్ని రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చాడు. ఇన్ని వారాలు తన మంత్రాలన్నీ ఇంకొకరి చేతిలోని దీపం వెలుతురులో వేశానని అతనికి అర్థమైంది.

భూషణ్ ఇంకో సంగతి ఆలోచిస్తున్నాడు.

"పెట్టె ఎత్తుకుంటె కాకాను ఎట్ల తీస్కపోవాలె?"

"తీస్కపోవుడు ఎందుకు? హమాలీ కదా," అన్నాడు శుభమ్. అని గోడ వైపు చూశాడు. హనుమాండ్లు ముఖంలో ఏ మార్పూ లేదు. ఆయన చచ్చినవాడి పని శ్రద్ధగా చేస్తున్నాడు. శుభమ్ గొంతు సవరించుకున్నాడు. "అంటె, గేమ్ ప్రకారం చెప్పిన."

భూషణ్ చాలాసేపు తలగోక్కున్నాడు. మూడు నెలల్లో శంషేర్ తనంతట తాను ఒక నిర్ణయం తీసుకోవడం అదే మొదటిసారి.

"పెట్టె వద్దు," అన్నాడు. "నేను కాకాను ఎత్తుకుంట."

అయిదు అంతస్తులు పైకి రావడానికి రెండు గంటలు పట్టింది. శంషేర్ భుజం మీద శవం ఉంది కాబట్టి కత్తి దూయలేడు. జ్వాలాసింగ్ ఒక చేత్తో దీపం, ఒక చేత్తో కర్ర పట్టుకొని ముందు నడిచాడు. మూడో అంతస్తులో ఒక తోడేలు ఎదురైంది. మంత్రం లేదు. శుభమ్ కర్రతో కొట్టాడు. చాప మీద బిళ్ల రెండు పడింది. మళ్లీ కొట్టాడు, ఆరు పడింది. ఎనిమిదోసారి కొట్టాక తోడేలు విసిగిపోయి వెళ్లిపోయింది. శుభమ్ చొక్కా చెమటతో తడిసింది. ఇంత మంచి ఆట ఎప్పుడూ ఆడలేదన్నాడు.

వాళ్లు గుహ బయటికి వచ్చారు. నమ్రత కాగితాలు తిరగేసింది. పెట్టెతో బయటికి వస్తే ఏం జరుగుతుందో రెండు పేజీలు రాసుకుంది. మనిషిని మోసుకొని వస్తే ఏం జరుగుతుందో రాయలేదు. ఇక్కడ డబ్బా కూడా ఏమీ చెప్పదు.

ఆమె కాగితాలు పక్కన పెట్టింది.

"తెల్లారుతున్నది," అన్నది. "మీరు ఊరి పొలిమేర కాడికి వచ్చిండ్రు. భుజం మీద మనిషిని చూసి ఊరోళ్లు ఇండ్లల్లకెల్లి బయటికొచ్చిండ్రు. ఎవ్వరు పెట్టె ఏదని అడుగలేదు."

గోడ దగ్గర హనుమాండ్లు ఒక కన్ను తెరిచాడు.

"ఎంతమంది ఒచ్చిండ్రు?"

"అయిదు వందలమంది."

"గా ఊర్ల గంతమంది యాడున్నరు? నువ్వు చెప్పింది నలభై ఇండ్లేనాయె."

నమ్రత లెక్క వేసుకుంది.

"నూట అరవై మంది చిన్నబాపూ. చిన్నపిల్లలతోని కలిపి."

"పనులు ఇడిసిపెట్టి?"

"పనులు ఇడిసిపెట్టి."

హనుమాండ్లు ఆ మాటను కాసేపు నిదానంగా పరిశీలించాడు. సరిపోయింది అన్నట్టు తల ఊపి, మళ్లీ కన్ను మూసుకున్నాడు. భూషణ్ శవాన్ని ఎక్కడ దించాలని అడిగాడు. నీడ ఉన్నచోట దించమని నమ్రత చెప్పింది.